ఆరు నెలల కాగితం

చదివేశావు కదా, ఇక మడత పెట్టి లోపల దాచు. నిప్పురవ్వ పడి కాలిందంటే మీ ప్రిన్సిపాలుకి నేను జవాబు చెప్పుకోవాలి. బాగానే ఉందిరా కాగితం. కబడ్డీలో రెండో బహుమతి, సైన్సు ఫెయిరు, మొక్కలు నాటడం, వ్యాసరచన, అర్ధ సంవత్సరం పరీక్షల్లో ఎంతమంది గట్టెక్కారో అదీ. జూన్ నుంచి డిసెంబరు దాకా ఒక బడి చేసిందంతా ఒక్క పేజీలో పట్టించేశారు. పైగా రంగుల అచ్చు, ఫొటోలు.

నేనూ ఇలాటి కాగితం ఒకటి రాశాను, తెలుసా? నీ వయసులోనే. దగ్గరికి జరగండి, చెప్తాను. అమ్మలూ, ఆ చివరి కర్ర పచ్చిది, పొగ పెడుతోంది, పక్కకి లాగు.

1971వ సంవత్సరం. అప్పుడు మనది విశాఖపట్నం జిల్లా. పాడేరు ముఖ్య పట్టణంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది మొన్న మొన్న, 2022 ఏప్రిల్‌లో. ఐటీడీఏ, అదే గిరిజనాభివృద్ధి సంస్థ, ఆ పేరు కూడా అప్పటికి ఎవరూ వినలేదు. నేను ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి. అరకు నుంచి అనంతగిరి వెళ్ళే వైపు మా బడి. పెంకుల కప్పు, నాలుగు గదులు, వెనకాల వంటపాక. పగలు పాఠం చెప్పిన గదిలోనే రాత్రి చాపలు పరుచుకుని పడుకునేవాళ్ళం. కరెంటు లేదు. గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, వాళ్ళ డీఆర్ డిపో నుంచి బియ్యం, పప్పు, కిరసనాయిలు వచ్చేవి. వానలకి గెడ్డ పొంగితే అవీ ఆగిపోయేవి.

హెడ్మాస్టారు విజయనగరం వైపు మనిషి. పాఠం చెబితే వినాలనిపించేది గానీ, చేతిరాత మాత్రం కోడి కెలికినట్టుండేది. అందుకని పై ఆఫీసుకి ఏ కాగితం వెళ్ళాలన్నా ఆయన చిత్తు రాసి నాకిచ్చేవారు, నేను సాపు రాసేవాణ్ణి. ఆ డిసెంబరులో ఒక నమూనా వచ్చింది. మొదటి ఆరు నెలల్లో బడి ఏం చేసిందో నింపి పంపమని. గళ్ళు గీసి ఉన్నాయి: హాజరు, చదువు, ఆరోగ్యం, జాతీయ పండుగలు, తోటపని, ఆటలు, చిట్టచివర విశేషాలు. ఒక్కో గడికి రెండు వేళ్ళ మందం చోటు. నేను సాపు రాశాను కాబట్టి ఆ గళ్ళలో ఏం పట్టిందో నాకు తెలుసు. ఏం పట్టలేదో కూడా తెలుసు.

ముందు హాజరు. బడి జూన్ నడిమికి తెరుస్తారు. అప్పుడే తొలకరి. పోడు మీద చోళ్ళు, సామలు, కొర్రలు చల్లే రోజులు. ఇంట్లో చేతికందిన పిల్లడు ఎవడైనా ఉంటే వాణ్ణి ఆశ్రమానికి పంపి ఎవరు కూర్చుంటారు? చిన్నవాళ్ళని పంపేవాళ్ళు. వాళ్ళు రెండు రాత్రులు ఏడ్చి, మూడో రాత్రి లేచి ఇంటికి పోయేవాళ్ళు. చీకట్లో, వానలో, కొండదారిన. వాచ్‌మన్ పల్లపు మనిషి, ఆయనకంటే ఆ గుంటలకే దారి బాగా తెలుసు. తెల్లారాక కామాటి వెళ్ళి వెనక్కి తెచ్చేవాడు. అమ్మ ఆనపబుర్రలో అంబలి పోసిచ్చేది, అది తాగుకుంటూ వాడు మళ్ళీ కామాటి వెనక నడిచొచ్చేవాడు. ఆషాఢమంతా ఇదే పని. కాగితం మీద ఇదంతా ఏమని రాశామంటే, “హాజరు క్రమంగా మెరుగుపడినది”. అబద్ధం కాదు. వానలు తగ్గేసరికి నిజంగానే మెరుగుపడింది.

చదువు అనే గడి దగ్గర హెడ్మాస్టారు కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఇప్పుడు మీకు తెలియదు, మీ ఇంట్లో టీవీ తెలుగులో మాటాడుతుంది. అప్పుడు మా బడిలో కొటియా వాళ్ళ పిల్లలకి ఆదివాసీ ఒడియా, కోదు పిల్లలకి కువి, పోర్జా వాళ్ళకి వాళ్ళ మాట, గదబ వాళ్ళకి వాళ్ళది. భగత, వాల్మీకి పిల్లలు కొందరు తెలుగు వచ్చినవాళ్ళు. మాస్టారు నల్లబల్ల మీద “అల” అని రాసి, సముద్రంలో వస్తుందిరా అనేవారు. సముద్రం చూసినవాడు ఎవడు? ఒక్కో పిల్లడు ఒక్కో భాషలో బిత్తరపోయేవాడు. అందుకని పెద్ద తరగతి పిల్లల్ని చిన్న తరగతుల్లో కూర్చోబెట్టారు. మాస్టారు తెలుగులో చెప్పాలి, ఆరో తరగతి అమ్మాయి దాన్ని కువిలో చెప్పాలి, నేను ఒడియాలో చెప్పాలి. ఒక పాఠానికి మూడు పాఠాల టైము పట్టేది. ఇలా చెయ్యమని ఏ జీవోలోనూ లేదు, చెయ్యొద్దనీ లేదు.

తర్వాత నేను టీచరు ట్రైనింగుకి వెళ్ళినప్పుడు తెలిసింది, ఇది కొత్త సంగతి కాదని. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి ఆ భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు. ఇదే తూరుపు కనుమల్లో, మా హెడ్మాస్టారు పుట్టకముందు మాట. తెలుగువాళ్ళు ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న భాషా దినోత్సవం చేసుకుంటారు. వాడుక భాష కోసం పోరాడాడని చెప్తారు గానీ సవర బడి గురించి ఎక్కువగా చెప్పరు. నాకు అది నచ్చదు. మళ్ళీ 2003 తర్వాత కదా ప్రభుత్వం ఆదివాసీ ఒడియా, కువి, కొండ, సవర, కోయ భాషల్లో ఒకటో తరగతి పుస్తకాలు వేసింది! అప్పటికి నా తల నెరిసింది. ఆ పుస్తకం తెరిచి మా మాటలు తెలుగు లిపిలో చదువుతుంటే ఆ ఆరో తరగతి అమ్మాయి గుర్తొచ్చింది. ఆమె చేసిన పని అది.

కాగితం మీద ఏం రాశామా? “బోధన సంతృప్తికరం.”

ఆరోగ్యం గడిలో కూడా అదే సంతృప్తికరం. నవ్వకు. జులై, ఆగస్టుల్లో ఒక్కో గదిలో సగం చాపలు పగలు కూడా ఎత్తేవాళ్ళం కాదు. మన్యం జ్వరం అంటే పల్లంలో ఉద్యోగస్తులు బదిలీ కాగితం చూసి ఏడ్చేవాళ్ళు, అంత పేరు దానికి. మలేరియా వర్కరు వచ్చి వేలి మీద పొడిచి, గాజు పలక మీద నెత్తురు చుక్క రాసుకుని పోయేవాడు. ఆ ఫలితం వచ్చేలోగా జ్వరం వచ్చినవాడు లేచి తిరిగేవాడు, లేనివాడు పడేవాడు. క్లోరోక్విన్ బిళ్ళ ఇచ్చేవాళ్ళు. ఆ చేదు మీకు తెలీదు. నాలిక కింద దాచి, గోడ చాటుకెళ్ళి ఉమ్మేసేవాళ్ళం. హెడ్మాస్టారు అది కనిపెట్టి, బిళ్ళ మింగాక ప్రతి ఒక్కడూ ఇంటిపేరుతో సహా తన పేరు, ఊరి పేరు గట్టిగా చెప్పాలన్నారు. నాలిక కింద బిళ్ళ పెట్టుకుని చెప్పి చూడు, తెలుస్తుంది. ఇంకో సంగతి, అలా రోజూ అరిచి అరిచి చిన్నపిల్లలకి తెలుగులో మొట్టమొదట నోరు తిరిగిన వాక్యం అదే అయ్యింది.

ఆగస్టు 15. తెల్లారకముందే లేపి, వానలో, తలమీద గిడుగులు పెట్టించి ఊరేగింపు తీశారు. బొరుగులు, బెల్లం పంచారు. సమితి ఆఫీసు నుంచి ఎవరో పెద్దాయన వస్తాడని కబురు. సాంస్కృతిక కార్యక్రమం ఉండాలి. ఒక మాస్టారు పల్లం నుంచి ఏదో నాట్యం నేర్పిద్దామని చూశారు. పిల్లలకి ఆ చేతులు తిరగలేదు. వంటమనిషి నవ్వి, “ఈళ్ళకి దింసా వచ్చు కదా బాబూ, కొత్తగా నేర్పడం ఏటి?” అంది. అప్పటిదాకా బళ్ళో దింసా ఆడటమంటే అల్లరి కింద లెక్క. హెడ్మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, సరే, మోరి ఊదేవాళ్ళని పిలవండి అన్నారు.

పిలిస్తే మోరి ఒక్కటే వస్తుందా! తుడుము, డప్పు, కిరిడి, జోడుకొమ్ములు, వాటి వెనక ఊరు. మా ఆడపిల్లలు ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరస కట్టారు. ఆకులు ఏరే పోతర్ తోల, తర్వాత పులి కనబడిన బాగ్ దింసా. పెద్దాయన రానేలేదు, ఘాటులో బండలు పడ్డాయట. కానీ బడి గేటు లోపలికి ఎప్పుడూ అడుగుపెట్టని తల్లులు ఆ రోజు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పిల్లలు పడుకునే గది చూశారు. వంటపాకలో గంజి వాసన చూశారు. ఒకామె హెడ్మాస్టారి ఎదటికి వెళ్ళి, మా పిల్లకి చలి ఎక్కువ, రెండు దుప్పట్లు ఇవ్వు అని అడిగింది. ఆయనకి ఆ మాట తెలియలేదు, నేను చెప్పాను. ఆయన తన దుప్పటి తెచ్చిచ్చారు. ఇప్పుడు అరకులో టూరిస్టు బస్సు దిగగానే దింసా ఆడిస్తారు, చూసేవాళ్ళు సెల్లులో తీసుకుని పోతారు. తప్పని అనను, నాలుగు డబ్బులు వస్తాయి. ఆ రోజు దింసాకి డబ్బులు రాలేదు గానీ బడికి మనుషులొచ్చారు. కాగితం మీద “స్వాతంత్ర్య దినోత్సవం ఘనంగా జరుపబడినది”.

తోటపని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వంకాయ నాటాం, కోతులు తిన్నాయి. పద్మాపురం తోట చూపించడానికి నడిపించి తీసుకెళ్ళారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకి కూరగాయలు పండించడానికి పెట్టిన తోటట అది. మాకు ఆ కథకంటే అక్కడి గులాబీలు నచ్చాయి.

ఇక ఆటలు. దీని కోసమే ఇంతసేపూ చెప్తున్నాను. సెప్టెంబరు మొదట్లో శృంగవరపుకోటలో పోటీలు. బస్సులో ఘాటు దిగుతుంటే సగం మంది వాంతులు. వేలాడుతున్న రైలు కట్ట, సొరంగాల నోళ్ళు కిటికీలోంచి కనబడేవి. బైలదిల్లా ఇనుపరాయి విశాఖ రేవు నుంచి జపాన్ పోవడానికి వేసిన దారి అది, అప్పటికి ఇంకా కొత్త. కింద దిగాక ఉక్కపోత. ఒక్కడూ నిద్రపోలేదు.

మాలో ఒక కోదు కుర్రాడు ఉండేవాడు. పేరు చెప్పను, వాళ్ళ పిల్లలు మీకు తెలిసినవాళ్ళే. బడికి రాకముందు పశువుల కాపరి. వాడిది పరుగు. చెప్పుల్లేవు, మాకెవరికీ లేవు. పల్లపు పిల్లలు కొందరు కాన్వాసు బూట్లు వేసుకున్నారు. విజిలు ఊదారు. వీడు పరిగెత్తుతూ మాటిమాటికీ కిందికి చూస్తున్నాడు. తర్వాత అడిగితే, రాళ్ళు లేవేటా అని చూశాను అన్నాడు. కిందికి చూస్తూనే మొదటివాడిగా వచ్చేశాడు. బహుమతి స్టీలు పళ్ళెం. మన ఇళ్ళలో అప్పుడు మట్టి కుండలు, సత్తు గిన్నెలు, అడ్డాకులు. స్టీలు అంటే డాబుసరి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాడు ఆ పళ్ళెంలో మొహం చూసుకుంటూ కూర్చున్నాడు.

దసరా సెలవులిచ్చారు. వాడు పళ్ళెం చంకన పెట్టుకుని ఇంటికెళ్ళాడు. మేం సెలవుల్లో ఉండగా రాష్ట్రంలో ముఖ్యమంత్రి మారారు. కాసు బ్రహ్మానందరెడ్డి గారు దిగిపోయి, సెప్టెంబరు 30న పి.వి. నరసింహారావు గారు వచ్చారు. బడి తెరిచాక హెడ్మాస్టారు మొదటి రోజే నల్లబల్ల మీద కొత్త పేరు రాయించి వల్లె వేయించారు. అప్పుడు హాజరు పిలిస్తే పరుగు కుర్రాడు లేడు. అక్టోబరు అంతా లేడు. పేరు కొట్టెయ్యమని గుమాస్తా అన్నాడు. హెడ్మాస్టారు కొట్టెయ్యలేదు. నవంబరులో ఒక ఆదివారం, దారి చూపించడానికి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు.

చంకలో హాజరు పట్టీ పెట్టుకున్నారు. ఎందుకూ అంటే, ఆ రోజుల్లో కొండల్లో నడిచే మాస్టారంటే పోలీసులకి అనుమానం. శ్రీకాకుళం కొండల్లో గిరిజన పోరాటం నడిపించిన వెంపటాపు సత్యం బడి పంతులే కదా. ఆయన్నీ, ఆదిభట్ల కైలాసాన్నీ చంపింది 1970లో, అప్పటికి ఏడాది దాటింది అంతే. నిజంగానే దారిలో ఆపారు. ఎక్కడికి, ఎందుకు, ఈ టార్చిలైటు ఎందుకు అని. హెడ్మాస్టారు పట్టీ తెరిచి, కుర్రాడి పేరు ఎదురుగా వరసగా ఉన్న సున్నాలు చూపించారు. ఆ జవాను సున్నాలు లెక్కపెట్టి, పొండి అన్నాడు.

కొండ నిండా వలిసెలు పూసి పచ్చగా ఉంది. కుర్రాడు పల్లపు మడి పక్కన మంచె మీద ఉన్నాడు. వరి కోతకొచ్చింది, రాత్రయితే అడవిపందులు. తండ్రి మమ్మల్ని కూర్చోబెట్టి, అంబలి ఇచ్చి, నెమ్మదిగా చెప్పాడు, నేను తెలుగు చేశాను. “మీ బడికి సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. మాకు చైత్రంలో, ఇటుకల పండగతో. మీకు సెలవులు అయిపోయేసరికి మాకు పని మొదలు. పంది మీ పట్టీ చూసి రాదు కదా బాబూ.” హెడ్మాస్టారి దగ్గర దీనికి జవాబు లేదు. ఉన్నట్టు నటించనూ లేదు. ఆ రాత్రి మంచె ఎక్కి కుర్రాడి పక్కన కూర్చున్నారు. రెండో జాములో పందులొచ్చాయి. కుర్రాడు డబ్బా కొట్టాడు. హెడ్మాస్టారు టార్చి వేసి, క్లాసులో మమ్మల్ని తిట్టే తిట్లన్నీ విజయనగరం తెలుగులో పందుల్ని తిట్టారు. కింద తండ్రి, నేను పొట్ట పట్టుకుని నవ్వాం. పందులు పోయాయి.

తెల్లారాక తండ్రి అన్నాడు, “ధాన్యం ఇంటికొచ్చి కొత్త పండగ అవ్వనీ. పిల్లణ్ణి నేనే తెస్తాను.” పండగ కాకుండా కొత్త గింజ నోట పెట్టరు కదా, అదీ చూడాలి. వచ్చేటప్పుడు వాళ్ళమ్మ స్టీలు పళ్ళెం చూపించింది. అందులో చోళ్ళు చెరుగుతోంది.

డిసెంబరు 3న యుద్ధం వచ్చింది, పాకిస్తాన్‌తో. ఆ రాత్రే విశాఖ రేవు బయట వాళ్ళ ఘాజీ అనే జలాంతర్గామి మునిగిపోయింది. బీచిరోడ్డులో కురుసురా సబ్‌మెరైన్ చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ దగ్గర్లో స్తూపం చూపించాను, అది ఆ యుద్ధంలో గెలుపుకే. విశాఖలో రాత్రిళ్ళు దీపాలు ఆర్పేసేవాళ్ళట. మాకు ఆర్పడానికి ఉన్నవి రెండు లాంతర్లు. అయినా హెడ్మాస్టారు కిటికీలకి గోనెలు కట్టించారు. ఆ లాంతర్ల దగ్గరే అర్ధ సంవత్సరం పరీక్షలకి చదువుకున్నాం. పరీక్ష ముందురోజు సాయంత్రం పరుగు కుర్రాడు దిగాడు. తండ్రి భుజాన చోళ్ళ మూట, బడికి.

పరీక్ష రాశాడు. లెక్కలు పోయాయి, ఇంగ్లీషు సంగతి అడగొద్దు. సాంఘికంలో మన రాష్ట్ర ముఖ్యమంత్రి ఎవరు అని ప్రశ్న. వాడు కాసు బ్రహ్మానందరెడ్డి అని రాశాడు. సాంఘికం మాస్టారు సున్నా వేస్తే, హెడ్మాస్టారు కొట్టేసి అర మార్కు వేశారు. “వాడు బడిలో ఉన్నన్నాళ్ళూ ఆయనే ముఖ్యమంత్రి” అన్నారు.

16న యుద్ధం ముగిసింది. ఆ వారమే కాగితం నింపాం. ఆటల గడిలో “పరుగుపందెంలో ప్రథమ బహుమతి, స్టీలు పళ్ళెం ఒకటి”. విశేషాల గడి దగ్గరికొచ్చేసరికి హెడ్మాస్టారు చిత్తు కాగితం మీద చాలా రాశారు. మంచె, పందులు, చైత్రం, జూన్, కోతలకి సెలవు ఇవ్వాలని, పరీక్షలు కొత్త పండగ చూసుకుని పెట్టాలని. నాకిచ్చారు. ఎంత సన్నగా రాసినా ఆ రెండు వేళ్ళ చోటులో పట్టదని చెప్పాను. అయితే ఇలా రాయరా అన్నారు: “ఒక విద్యార్థి తిరిగి వచ్చినాడు.”

శివరాత్రి దాటాక పై ఆఫీసు నుంచి జవాబొచ్చింది. ఒక్కటే ప్రశ్న. పోటీలో వచ్చిన స్టీలు పళ్ళెం పాఠశాల స్టాకు రిజిస్టరులో ఎందుకు నమోదు కాలేదు, సదరు వస్తువు ప్రస్తుతం ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నదో తెలియజేయవలెను అని. గుమాస్తాకి చెమటలు పట్టాయి. పళ్ళెం వెనక్కి తెప్పిద్దామన్నాడు. హెడ్మాస్టారు నన్ను పిలిచి, కార్బను కాగితం పెట్టుకోమని, నిలబడే చెప్పారు. నేను గుండ్రంగా రాశాను, ఆయన కింద సంతకం చేశారు: “పళ్ళెం బహుమతి పొందిన విద్యార్థి ఇంట ఉన్నది. మంచి స్థితిలో ఉన్నది. ప్రతిదినమూ వాడుకలో ఉన్నది.”